పక్కింటి పొగ, పల్నాటి కోడి

టెక్సాస్‌లో ఉంటాం అనగానే తెలిసినవాళ్ళు మొదట అడిగేది బ్రిస్కెట్ గురించి. ఆవు రొమ్ము భాగం మాంసాన్ని పన్నెండు, పద్నాలుగు గంటలు కట్టెల పొగలో మగ్గబెట్టి చేస్తారు దాన్ని. లాక్‌హార్ట్ అనే చిన్న ఊరికి ‘టెక్సాస్ బార్బెక్యూ రాజధాని’ అని 1999లో అక్కడి శాసనసభ తీర్మానం చేసి మరీ పేరు పెట్టింది. ఆ ఊరికి గంట దూరంలో, రౌండ్ రాక్‌లో, ఇన్నేళ్ళుగా ఉంటున్నా బ్రిస్కెట్ రుచి నాకు తెలియదు. మాది ఆవుమాంసం తినని ఇల్లు. పొగ సంగతి మాత్రం బాగా తెలుసు. అదంతా మా పక్కింటి పెద్దాయన పుణ్యం.

పెళ్ళై వచ్చిన కొత్తలో నాకు ఉద్యోగం లేదు, కారు నడపడం రాదు. ఇక్కడ ఉద్యోగం చేసేవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే హెచ్4 వీసా మీద వచ్చినవాళ్ళు పనిచేయడానికి అప్పట్లో వీలే లేదు. కొందరికైనా ఆ అనుమతి రావడానికి 2015 దాకా పట్టింది. మా ఆయన పొద్దున వెళితే చీకటి పడ్డాకే ఇంటికి. ఇంటి వెనక చెక్క కంచె, కంచె అవతల పెద్ద పెకాన్ చెట్టు, శనివారం పొద్దున్నే దాని కింద నుంచి సన్నగా పొగ. ఎవరో ఆకులు తగలబెడుతున్నారనుకునేదాన్ని. ఆకులైతే అంత కమ్మటి వాసన ఎందుకొస్తుంది?

మేం చేరిన కొన్నాళ్ళకి ఆ పక్కింటి పెద్దాయనే కాగితం పళ్ళెంలో బ్రిస్కెట్ ముక్కలు పెట్టుకుని తలుపు కొట్టాడు. ఆవుమాంసం మేం తినం అని చెప్పడానికి పడ్డ ఇబ్బంది కన్నా, అది విని ఆయన పడ్డ ఇబ్బందే ఎక్కువ. టెక్సాస్‌లో కొత్తగా వచ్చిన పొరుగువాడికి ఇంకేం పెట్టాలో ఆయనకి తోచలేదు పాపం. కాసేపు గుమ్మంలో అలాగే నిలబడి, కోడి తింటారా అని అడిగాడు. ఓ, దివ్యంగా తింటాం అన్నాం. తర్వాతి శనివారం రేకు కాగితంలో చుట్టిన రెండు కోళ్ళు వచ్చాయి. చిన్నవి, గుప్పెడంత కాకపోయినా రెండు దోసిళ్ళకి మించనివి. తోలు ముదురు తేనె రంగులో మెరుస్తోంది.

ఒక కాలు విరిచి నోట్లో పెట్టుకున్నాను. పెట్టుకున్నాక ఏం మాట్లాడకుండా ఇంకో కాలు కూడా విరిచాను. మా ఆయన “నాకేమైనా ఉంచుతావా?” అని అడగాల్సి వచ్చింది.

అది నాకు తెలిసిన రుచే. ఎక్కడిదో గుర్తు రావడానికి ఆ సాయంత్రం దాకా పట్టింది. మా నాయనమ్మ చేతి కోడికూరలో కూర అంతా తీసేసి, అడుగున ఉండే ఆ ఒక్క వాసననే మిగిలిస్తే ఇదే.

మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. ఇంట్లో కోడిని కోశారంటే, కూర పొయ్యి మీదికెక్కేలోపు పెరట్లో ఇంకో పెద్ద పని ఉండేది. ఈకలు పీకడం ఒక ఎత్తు, నూగు కాల్చడం ఇంకో ఎత్తు. వేడినీళ్ళలో ముంచితే ఈకలు సులువుగా వస్తాయి గానీ నాయనమ్మ ఒప్పుకునేది కాదు. తోలు ముందే ఉడికిపోతుందనేది. ఓపిగ్గా చేత్తో పీకి, ఒళ్ళంతా పసుపు పట్టించి, వరిగడ్డి గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా అంటించి ఆ మంట మీద కోడిని కాళ్ళు పట్టుకుని తిప్పేది. గడ్డి లేనప్పుడు ఎండు తాటాకు. పత్తి కట్టె పెరట్లో కుప్పగా పడి ఉన్నా దాన్ని ముట్టనిచ్చేది కాదు. దానికి మంట ఎక్కువ, తోలు మాడిపోతుంది. గడ్డి మంట భగ్గున లేచి చప్పున ఆరుతుంది, పొగ మిగులుతుంది. ఆ పొగలోనే కోడిని ఇంకాసేపు ఉంచేది. కడిగి, మళ్ళీ పసుపు రాసి, మళ్ళీ ఒకసారి మంట చూపించేది. అప్పటికి తోలు బిగుసుకుని, పసుపుపచ్చగా, అక్కడక్కడ గోధుమరంగు మచ్చలతో తయారయ్యేది.

పిల్లలం చుట్టూ గొంతుక్కూర్చునేవాళ్ళం. కందనకాయ, కార్జం మా వాటా. వాటిని పుల్లకి గుచ్చి, మిగిలిన నిప్పుల మీద కాల్చి ఉప్పూ కారం అద్ది ఇచ్చేది. మా బాబాయి కొడుకు ఎప్పుడూ ఇంటికి పెద్దమనవణ్ణని చెప్పి కార్జం కొట్టేసేవాడు.

ఇంత చేసినా, పొగ వల్ల కూరకి రుచి వస్తుందని మా ఇంట్లో ఎవరూ అనగా నేను వినలేదు. కూర బాగుంటే గసాలూ కొబ్బరీ రోట్లో మెత్తగా నూరారని, లేదంటే పుంజు మంచిదని మెచ్చుకునేవాళ్ళు. మంట నూగు పోవడానికి, అంతే. బస్తీకి వచ్చి కొట్లో తోలు తీసేసిన బ్రాయిలర్ కొనడం మొదలుపెట్టాక, అవే మసాలాలు, అదే చెయ్యి, కూర మాత్రం అలా రాలేదు. నాటుకోడి కాదు కదా అని సరిపెట్టుకున్నాం. సగం కారణం ఆ గడ్డి పొగ అని నాకు టెక్సాస్‌లో తెలిసింది.

ఇక ఆ బుల్లి కోళ్ళ సంగతి. కార్నిష్ గేమ్ హెన్ అని అమ్ముతారు. గేమ్ అంటే వేటాడి తెచ్చినది అనుకుంటాం, అదేం కాదు. హెన్ అన్నారని పెట్టే అయి ఉండాలనీ లేదు. ఐదు వారాల లోపు వయసున్న, శుభ్రం చేశాక రెండు పౌండ్లు, అంటే 900 గ్రాములు దాటని కోడిపిల్ల, అంతే. సూపర్ మార్కెట్‌లో గడ్డకట్టించినవి జంటగా ప్యాక్ చేసి దొరుకుతాయి. కార్నిష్ జాతిని వైట్ ప్లిమత్ రాక్ అనే జాతితో కలిపితే వచ్చిన సంకరం ఇది. అసలు కథ ఆ కార్నిష్‌ది. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో తయారైన జాతి అది. దాని మూలాల్లో ఒకటి మన అసీల్. సంక్రాంతి బరుల్లో దిగే పందెం కోడి జాతి. బ్రిటన్‌లో ఇప్పటికీ ఆ కోడిని ఇండియన్ గేమ్ అనే పిలుస్తారు. ఈ సంగతి తర్వాత మా నాన్నకి చెబితే, మీసం కింద నవ్వుకుని, “అయితే మన పల్నాటి కోడికి మునిమనవరాలన్నమాట. అందుకే అంత పౌరుషంగా ఉంది రుచి!” అన్నారు. నాగమ్మ, బ్రహ్మనాయుడుల కోడిపందెం కథ వింటూ పెరిగిన మనిషి, ఇంకెలా అంటారు?

మళ్ళీ పెద్దాయన దగ్గరికి. ఆయన తాతలు మొరావియా నుంచి వచ్చిన చెక్ వాళ్ళు. టేలర్, గ్రేంజర్ ప్రాంతంలో పత్తి పండించారు. టెక్సాస్ బార్బెక్యూలో సగం ఇలా వచ్చిన చెక్, జర్మన్ కసాయి కొట్లవాళ్ళు తెచ్చినదే. అమ్ముడుపోని మాంసం పాడవకుండా పొగబెట్టి, కాగితంలో చుట్టి, పత్తి ఏరే కూలీలకి అమ్మేవాళ్ళట. పత్తి అన్న మాట వినగానే మాదీ పత్తి ఊరే అన్నాను. ఆయన వెంటనే అడిగింది మట్టి రంగు. నల్లరేగడి, ఎండాకాలం కాలు దిగేంత పగుళ్ళు వస్తాయి, వానొస్తే చెప్పులు ఊడి రావు అని చెప్పాను. ఆయన చెయ్యి తూర్పుకి చూపించాడు. మా ఊరి గుండా పోయే హైవే దాటాక మొదలయ్యే నేలని బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారు. అదే నల్లరేగడి, అవే పగుళ్ళు. వాళ్ళ నాన్న ట్రాక్టర్ దిగబడిన కథ ఆయన చెబుతుంటే, మా నాన్న ఎడ్లబండి దిగబడిన కథ నేను చెప్పాను. ఆ రోజు నుంచి కంచెలో ఒక చెక్క ఊడదీసి, అటూ ఇటూ నడవడానికి దారి చేశాడు.

ఆయన దగ్గర నల్లటి, నిలువుగా ఉండే స్మోకర్ ఉండేది, వెబర్ వాళ్ళ స్మోకీ మౌంటెన్. అడుగున బొగ్గు, మధ్యలో నీళ్ళ పళ్ళెం, పైన రెండు అంతస్తుల జాలీలు. బొగ్గంతా ఒకేసారి అంటించకూడదు. వెలగని బొగ్గు నింపి, దాని మీద కాసిని వెలిగిన బొగ్గులు వేస్తే, నిప్పు పైనుంచి కిందికి నెమ్మదిగా పాకుతుంది. వేడి ఎంత ఉండాలన్నది అడుగు రంధ్రాల చేతిలో ఉంటుంది. తెరిస్తే పెరుగుతుంది, మూస్తే తగ్గుతుంది. మూత మాటిమాటికీ తెరిచి చూస్తే మాత్రం ఆయనకి ఒళ్ళు మండేది. మా నాయనమ్మ అన్నం వార్చే ముందు మూత తీసిన మా పిన్నిని చూసే చూపు, ఈయన చూపు ఒకటే.

బ్రిస్కెట్ సూత్రాలు చిన్న కోడికి పనికిరావని ఆయన మొదటే చెప్పాడు. పెద్ద మాంసానికి 225, 250 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో గంటల కొద్దీ ఎందుకంటే దాని కొవ్వు, పీచు కరగాలి. లేత కోడిపిల్లలో కరగడానికి ఏముంది? ఆ వేడిలో మాంసం ఉడుకుతుంది గానీ తోలు మాత్రం పాత సైకిల్ ట్యూబులా సాగుతుంది. అందుకే 300కి తగ్గనివ్వడు. గంటా గంటంపావులో అయిపోతుంది. రొమ్ము దగ్గర 165, అంటే మన 74 డిగ్రీలు రావాలి. తొడకి ఇంకో పది ఎక్కువైనా నష్టం లేదు, నిజానికి బాగుంటుంది.

అంతకు ముందు రోజు పనే అసలు పని. లీటరు నీళ్ళకి 50 గ్రాముల ఉప్పు చొప్పున కలిపి, కోళ్ళని అందులో మూడు నాలుగు గంటలు నానబెడతాం. ఆయన బ్రౌన్ షుగర్ వేసేవాడు. నేను బెల్లం వేశాను. రుచి చూసి ఆయన కూడా బెల్లానికి మారాడు, ఇండియన్ కొట్టుకి వెళ్ళినప్పుడు ఒక అచ్చు తెచ్చిపెట్టమనేవాడు. తర్వాత తడి బాగా తుడిచి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఏమీ కప్పకుండా ఆరబెట్టాలి. తోలు ముట్టుకుంటే కాగితంలా పొడిగా తగలాలి. తడి తోలు మీద పొగ సరిగ్గా పట్టదు, పట్టినా మసిబారుతుంది.

ఇక్కడ నాకూ ఆయనకీ ఒక చిన్న యుద్ధం. ఆయనది ఉప్పు, మిరియాలు, అంతే. నాది పసుపు, మిరియాలు, దంచిన ధనియాలు, వెల్లుల్లి, పైన నెయ్యి. పసుపు ఎందుకు అని అడిగేవాడు. మా నాయనమ్మ రాసేది కాబట్టి, ఇంకెందుకు? కారం మాత్రం నేనే మానేశాను. అంత వేడిలో ఎండుకారం నల్లబడి చేదెక్కుతుంది. అది పళ్ళెంలోకి వచ్చాక గోంగూర పచ్చడి రూపంలో రావాలి. పొగకి గోంగూర పులుపు ఎంత బాగా కలుస్తుందో రాసి చెప్పలేను, తిని చూడాలి.

కట్టె గురించి ఆయనకి గట్టి అభిప్రాయాలుండేవి. ఊరంతా పోస్ట్ ఓక్ అన్నా, మెస్కీట్ అన్నా, కోడికి మాత్రం తన పెరటి పెకాన్ కొమ్మే. మెస్కీట్ పొగ ఘాటుకి చిన్న పిట్ట ఆగలేదట. గాలాడక ఉక్కిరిబిక్కిరైన నిప్పు నుంచి దట్టమైన తెల్ల పొగ వస్తుంది. దానిలో పెట్టిన మాంసం నాలిక మీద చేదుగా, జిగటగా ఉంటుంది. నిప్పు హాయిగా మండుతున్నప్పుడు వచ్చే పొగ పల్చగా, కాస్త నీలంగా, ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. అప్పుడే కోడిని పెట్టాలి. పొగ బాగా కనిపిస్తేనే పని జరుగుతోందని మా ఆయన నమ్మకం, ఇప్పటికీ.

మా అమ్మానాన్నలు మొదటిసారి వచ్చినప్పుడు పెద్దాయన స్వయంగా వండి పిలిచాడు. నాన్న తొడ విరిచి, బొమిక దగ్గర చూసి, పళ్ళెం పక్కన పెట్టేశారు.

“అమ్మాయ్, ఇది ఉడకలేదు. ఎర్రగా ఉంది చూడు.”

“ఉడికింది నాన్నా. పొగబెట్టిన మాంసం అలాగే గులాబీ రంగులో ఉంటుంది.”

“పచ్చిమాంసానికి కూడా ఒక పేరు పెట్టారా మీరు!”

ఇది చాలామందికి వచ్చే అనుమానమే. కట్టె మండినప్పుడు పుట్టే నైట్రిక్ ఆక్సైడ్ లాంటి వాయువులు మాంసంలోని రంగు పదార్థంతో కలిసి ఆ గులాబీ రంగుని అలాగే నిలబెట్టేస్తాయి. పైగా లేత కోళ్ళ ఎముకలు ఇంకా గట్టిపడవు, లోపలి మూలుగ రంగు బయటికి ఊరుతుంది. అందుకే రంగుని కాదు, థర్మామీటర్‌ని నమ్మాలి. పెద్దాయన పాపం థర్మామీటర్ తెచ్చి గుచ్చి చూపించాడు. నాన్న దాన్ని, ఆయన్ని మార్చి మార్చి చూసి తల ఊపారు గానీ చెయ్యి పెట్టలేదు. చివరికి మా అమ్మ ఆ కోడిని ఇంటికి తెచ్చి, ముక్కలు చేసి, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, కరివేపాకుతో మూకుట్లో వేపింది. ఆ వేపుడు మాత్రం ఎవరికీ మిగల్లేదు. నాన్న రెండోసారి వడ్డించుకుంటూ, “మీ నాయనమ్మ కాల్చిన కోడి వాసన వస్తోందే” అన్నారు. నేను చెప్పకుండానే అన్నారు. ఆ సెలవులయ్యేలోపు మూకుడు అవసరం లేకుండా తినడం కూడా అలవాటైంది, మరీ ఎర్రగా ఉన్న ముక్క మాత్రం మెల్లగా నా పళ్ళెంలోకి తోసేవారు.

కౌజు పిట్టలు కూడా పొగబెట్టాం. ఒక్కోటి 150 నుంచి 200 గ్రాములు. అరగంట దాటిందంటే ఎండిపోయి పీచు పీచవుతుంది, పక్కనుంచి కదలకూడదు. ఇక్కడివాళ్ళు లోపల హలపేన్యో మిరపకాయ పెట్టి పైన బేకన్ చుడతారు. నేను నెయ్యి, కరివేపాకు. నాన్నకి కోడి కన్నా ఇదే నచ్చింది. మా చిన్నప్పుడు కోతలయ్యాక చేలల్లో వలలు వేసి కౌజుల్ని పట్టి, బుట్టల్లో తెచ్చి వీధుల్లో అమ్మేవాళ్ళు. అడవి పిట్టల్ని అలా పట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం తప్పని ఊళ్ళో ఎవరికీ పట్టేది కాదు. ఇప్పుడు మన దగ్గర ఫారాల్లో పెంచేవి జపాన్ జాతివి. 1974లో ఇజ్జత్‌నగర్ పరిశోధనా కేంద్రానికి కాలిఫోర్నియా నుంచే తెచ్చారు. అమెరికా కౌజు తిని మన కౌజు గుర్తొచ్చిందని నాన్న అంటుంటే, ఇప్పుడు మన ఫారాల్లో కౌజే అమెరికా నుంచి వచ్చిందని చెప్పి ఆ ఆనందం పాడుచేయడం ఎందుకని ఊరుకున్నాను.

2011 సెప్టెంబర్ లేబర్ డే వారాంతం. ఆ ఏడాదంతా వానలు లేవు, పచ్చిక గడ్డి అంతా ఎండిపోయింది. శనివారం రాత్రి కోళ్ళు ఆరబెట్టాం. ఆదివారం, 4వ తేదీ, విపరీతమైన గాలి. మధ్యాహ్నానికి బాస్ట్రాప్‌లో అడవి అంటుకుంది. 1,600కి పైగా ఇళ్ళు కాలిపోయాయి. మాకు ఆగ్నేయంగా ఆకాశంలో పొగ గోడ కట్టినట్టు నిలబడింది. పెద్దాయన బయటికి వచ్చి, గాలి చూసి, స్మోకర్ మూత మీద ఒక ఇటుక పెట్టి వెళ్ళిపోయాడు. ఆ కోళ్ళని నేను పొయ్యి మీద కూర వండాను. వానలు పడేదాకా మా వీధిలో ఎవరూ పెరట్లో నిప్పు రాజేయలేదు. రాజేయకూడదని ఆదేశాలూ ఉన్నాయి, ఎవరికీ ఆ వాసన పీల్చాలనీ లేదు.

తర్వాత కొన్నేళ్ళకి ఆయన భార్య పోయారు. ఆయన కూతురి దగ్గరికి, డల్లాస్ వైపు వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు స్మోకర్ మాకు ఇచ్చాడు, పెకాన్ కొమ్మలు ఒక కుప్పతో సహా. ఇల్లు కొన్నవాళ్ళు మొదట చేసిన పని ఆ కంచె బాగు చేయించడం.

ఇప్పుడు మా అబ్బాయి కొన్న పెల్లెట్ గ్రిల్ ఒకటి ఉంది. కట్టెపొట్టు గుళికలు వేసి, ఫోన్‌లో డిగ్రీలు నొక్కి, లోపల సోఫాలో కూర్చుంటాడు. వేడి పెద్దగా అటూ ఇటూ కాదు. కోడి బాగానే వస్తుంది, అబద్ధమెందుకు చెప్పాలి. పొగ వాసన మాత్రం పల్చన. వాడితో అంటే, “అమ్మా, నీకు వాసన కాదు, కళ్ళు మండటం కావాలి” అంటాడు. కావచ్చు. నా పాత నల్ల డబ్బా నాకు చాలు. వాడి స్నేహితులు వచ్చినప్పుడు అడిగేది కూడా దాన్లో చేసిందే, ఆ మాట వాడు ఒప్పుకోడు.

ఏ యంత్రంలో చేసినా బొమికలు మాత్రం పారేయనివ్వను. పొగబెట్టిన కోడి బొమికల్ని నీళ్ళలో వేసి, అల్లం ముక్క, చితక్కొట్టిన మిరియాలు, జీలకర్రతో సన్నటి సెగ మీద గంటసేపు మరిగిస్తే, అది ఇంక చారుకి పనికొచ్చే నీళ్ళు. టమాటా వేసి, నేతిలో వెల్లుల్లి తాలింపు పెట్టాలి. చింతపండు బాగా తగ్గించాలి, పులుపు ఎక్కువైతే పొగ వాసన పోతుంది. ఉప్పు చివర్లో చూసి వేయండి. ఉప్పునీళ్ళలో నానిన కోడి కాబట్టి చారులోకి సగం ఉప్పు దాన్నుంచే వస్తుంది.